మొక్కజొన్న చెమట

డెమోయిన్,
జూలై 5

తమ్ముడు వెర్లిన్‌కి,

ఈ కాగితం మీద సిరా అక్కడక్కడ పాకి ఉంటే కన్నీళ్లనుకోకు. అరచేతి చెమట. పొద్దున్న ఏడింటికే ఇలా ఉంది. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఫోన్లో నువ్వు మాట్లాడవు, గొంతు సవరించుకుంటావు. ఉత్తరమైతే కనీసం రెండు వాక్యాలు రాస్తావు.

మూడో అంతస్తు కదా, గాలి బాగా వస్తుందని ఈ ఇల్లు తీసుకున్నాం. వస్తోంది. తడిగుడ్డ మొహాన వేసినట్టు వస్తోంది. డబ్బాలో ఉప్పు రాయిలా గడ్డకట్టింది. చెక్క సొరుగులు ఉబ్బిపోయి తెరుచుకోవడం లేదు. నా చేతిరుమాళ్లన్నీ ఒక సొరుగులో ఖైదు పడ్డాయి. ఏసీ చప్పుడు చేస్తుంది, చల్లబరచదు.

అవన్నీ ఎలాగో సర్దుకుంటాను కానీ, మీ బావ క్లెమెంట్ సంగతే బాగాలేదు. రాత్రిళ్లు పడుకోలేక కుర్చీలో కూర్చుంటున్నాడు. ఇన్నేళ్లు ఊరూరా తిరిగి పియానోలు శ్రుతి చేసిన మనిషి, ఇప్పుడు ఇంట్లో ఉన్న పియానో మూత ఎత్తడానికి నన్ను కేకేస్తున్నాడు. "గాలిని నమిలి మింగాల్సి వస్తోంది ఆర్డిస్" అన్నాడు నిన్న.

ఆదివారం పేపర్లో ఒక వ్యాసం వచ్చింది. నడి వేసవిలో ఒక్క ఎకరం మొక్కజొన్న రోజుకి మూడు నాలుగు వేల గ్యాలన్ల నీళ్లు వేళ్లతో తాగి, ఆకుల్లోంచి ఆవిరిగా గాలిలోకి వదిలేస్తుందట. దాన్ని మొక్కజొన్న చెమట అంటారట. ఉక్కంతా దక్షిణాన సముద్రం మీంచే వస్తుందని అనుకుంటాం కానీ, అందులో కొంత మన పొలాలు కలుపుతున్నదేనట. నీ పొలం ఎంత ఉందో నాకు తెలుసు. ఈ వారమంతా గాలి నైరుతి నుంచి వీస్తోంది. నువ్వు మాకు నైరుతి దిక్కునే ఉన్నావు. ఇంతకంటే ఏం రాయను.

మన ఇంటి నేలమాళిగ ఇప్పటికీ చల్లగా ఉంటుందా? అమ్మ పచ్చళ్ల సీసాలు అక్కడే పెట్టేది కదా. ఊరికే గుర్తొచ్చి అడిగాను.

నీ అక్క,
ఆర్డిస్

*

ఎల్క్ ఫోర్డ్,
జూలై 10

అక్కకి,

నీ ఉత్తరం పొలానికి తీసుకెళ్లి మొక్కలకి చదివి వినిపించాను. తలలూపాయి. సిగ్గుపడ్డట్టు మాత్రం కనిపించలేదు.

ఆ పేపరాయన్ని నా తరఫున ఒక మాట అడుగు. సోయా మొక్కకి చెమట పట్టదా? మీ ఊరి పార్కుల్లో గడ్డికి పట్టదా? నీ కిటికీలో పెటూనియా పూలమొక్కలకి పట్టదా? ఆకన్నదల్లా నీళ్లు వదిలేదే. ఊళ్లో వాళ్లకి నా మొక్కజొన్నే కనపడింది. పైగా ఆ పొలం అమ్మ మనిద్దరికీ చెరిసగం రాసింది. కాబట్టి చెమటలో సగం నీదే. నీ వాటా నీ ఇంటికొచ్చింది. నా వాటా నా చొక్కాలో ఉంది.

నీకు అంత కష్టంగా ఉంటే ఒక్క మాట చెప్పు. పొలంలో దక్షిణం వైపు చెక్క మొత్తం రేపే నరికించేస్తాను. మీ ఆయన ఊపిరి కంటే మొక్కజొన్న ఎక్కువా ఏంటి.

నేలమాళిగ చల్లగానే ఉంది. పచ్చళ్లు కావాలంటే నేరుగా అడగొచ్చు. దోసకాయ పచ్చడి సీసా ఒకటి ఈ ఉత్తరంతో పంపిస్తున్నాను. నీ మరదలు లోర్నా పోయాక నేనే పెడుతున్నాను. కాస్త పులుపెక్కింది.

ఇక్కడ వాన జాడ లేదు. మబ్బు పడుతుంది, ఉక్కపోస్తుంది, పోతుంది.

వెర్లిన్

*

డెమోయిన్,
జూలై 15

వెర్లిన్,

పచ్చడి అందింది. ఊపిరాడక బాధపడుతున్న మనిషికి ఊరగాయ పంపినవాడివి ఈ అయోవాలో నువ్వొక్కడివే అయ్యుంటావు.

"మీ ఆయన ఊపిరి" అని వెటకారంగా రాశావు. ఆ ఉత్తరం ఆయన చదివాడు. నవ్వాడు కూడా. నవ్వితే దగ్గొచ్చింది. ఆ దగ్గు ఆగేసరికి నా ప్రాణం పోయింది.

ఒక్క మాట చెప్పమన్నావు. చెబుతున్నాను. నరికించు. అందులో సగం నాదని నువ్వే అన్నావు కాబట్టి ఆ మాట అనే హక్కు నాకుంది.

ఆర్డిస్ బౌస్కా

*

డెమోయిన్,
ఆగస్టు 14

నా బంగారు తమ్ముడికి,

ఎలా మొదలుపెట్టాలో తెలియక పొద్దుటి నుంచి మూడు కాగితాలు చించేశాను.

నెల రోజులుగా నీ దగ్గర్నుంచి జవాబు లేకపోతే అలిగావనుకున్నాను. ఐడెల్లాతో నీ గురించి అనరాని మాటలు కూడా అన్నాను. పిన్ని కూతురు కదా, దాని దగ్గర దాచేదేముంది. నిన్న అదే వచ్చి చెప్పింది. మీ ఊరి మీదుగా కారులో వస్తూ చూసిందట.

"వెర్లిన్ దక్షిణం చెక్క మొత్తం కోయించేశాడే ఆర్డిస్. ఇంకా గింజైనా పట్టలేదు. మిషను పెట్టి మొదలంటా కొట్టించేశాడు. రోడ్డుకి ఆ పక్కన హల్వర్సన్ పొలం పచ్చగా నిలబడి ఉంది, ఈ పక్కన మీది బోడిగా ఉంది."

నేను కుర్చీలో కూలబడ్డాను. కోపంలో రాసిన ఒక్క మాట పట్టుకుని నువ్వు ఇంత పని చేస్తావని కలలో కూడా అనుకోలేదు.

ఇప్పుడు నాకన్నీ అర్థమవుతున్నాయి. జూలై ఆఖరు నుంచి ఇక్కడ గాలి మారిపోయింది. ఎండ ఉంది, ఉక్క లేదు. ఆరేసిన బట్టలు గంటలో గలగలలాడుతున్నాయి. సొరుగు తెరుచుకుంది, రుమాళ్లు బయటికొచ్చాయి. మీ బావ మంచం మీద పడుకుంటున్నాడు. మొన్న చర్చికి నడిచి వెళ్లి అక్కడి పియానో మొత్తం ఒక్కడే శ్రుతి చేసి వచ్చాడు. ఇదంతా నీ పుణ్యమని నాకు నిన్నటిదాకా తెలియదు.

ఆయనకి చెప్పాను. "వెర్లిన్ నీకోసం పంట కోసేశాడు" అన్నాను. చాలాసేపు నా మొహం చూశాడు.

"అలాగా" అన్నాడు.

"అంతేనా నువ్వనేది?"

"మంచివాడు" అన్నాడు. ఆయన అంతకంటే ఎక్కువ అనడని నీకు తెలుసుగా.

ఊరగాయ గురించి రాసింది మర్చిపో. నిన్న తిన్నాం, బాగుంది.

ఎప్పటికీ నీ అక్క,
ఆర్డిస్

*

ఎల్క్ ఫోర్డ్,
ఆగస్టు 19

అక్కకి,

నువ్వు చెప్పావని నేను కొయ్యలేదు. ముందు ఇది చదివి, తర్వాత కూర్చో.

నరికించమని నువ్వు రాసిన ఉత్తరం చూసి కొన్నాళ్లు కోపంగానే ఉన్నాను. తర్వాత కోపానికి తీరిక దొరకలేదు. జూన్ నెలాఖరు నుంచి ఇక్కడ ఒక్క చినుకు లేదు. దక్షిణం చెక్క ఇసక నేల, నీళ్లు నిలవవు. ఆకులు గొట్టాల్లా చుట్టుకుపోయి, దూరం నుంచి చూస్తే పొలమంతా ఉల్లికాడలు నాటినట్టుండేది. సరిగ్గా పూత వేళకి ఎండ కాల్చేసింది. పీచు మాడిపోయింది. కండె విప్పితే బోసినోరులా ఒక్క గింజ లేదు. ఇక దేనికోసం ఎదురుచూడాలి? ఆవులకి మేతైనా అవుతుందని పచ్చిగా ఉండగానే కోయించాను.

ఇంకో సంగతి. వేళ్లకి నీళ్లందకపోతే మొక్క చెమట పట్టడం మానేస్తుంది. మన పొలమొక్కటే కాదు, ఈ వైపు ఇసక నేలలన్నీ అలాగే ఉన్నాయి. సముద్రం గాలి కూడా ఈసారి ఇటు రాలేదని రేడియోలో చెబుతున్నారు. మీకు పొడిగాలి తగిలింది అందుకే. ఇక్కడ పొలం చస్తుంటే అక్కడ మీకు హాయిగా ఉందన్నమాట. అందులో మీ తప్పేం లేదు. బావ మంచం మీద పడుకుంటున్నందుకు సంతోషం, నిజంగానే రాస్తున్నాను. కానీ నేను త్యాగం చేశానని మాత్రం ఎవరి దగ్గరా అనకు.

వెర్లిన్

*

డెమోయిన్,
ఆగస్టు 24

ప్రియమైన తమ్ముడికి,

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను, కళ్లు తుడుచుకున్నాను. అచ్చం నాన్నవే నువ్వు. మంచు తుఫానులో పక్క ఊరికి మంత్రసానిని బండిలో తీసుకెళ్లి వచ్చి, "గుర్రానికి కాస్త నడక కావాల్సి వచ్చింది" అన్న మనిషి. మేతకి కోశావా. సరే, మేతకే అనుకుందాం.

అబద్ధం ఆడాలంటే నీకు చేతకాదు వెర్లిన్. ఎండకి మాడిపోయిందన్నావు. మరి రోడ్డుకి అవతల హల్వర్సన్ మొక్కజొన్న ఎందుకు మాడలేదు? అదే ఎండ, అదే ఆకాశం. దొరికిపోయావా లేదా.

ఎవరి దగ్గరా అనొద్దన్న మాట కాస్త ఆలస్యంగా అందింది. పాస్టర్ లిండ్‌క్విస్ట్‌కి అప్పటికే చెప్పాను. ఆదివారం ప్రసంగంలో నీ గురించి చెప్పాడు. "తన బావ ఊపిరి కోసం తన పంటనే వదులుకున్న ఒక రైతు" అన్నాడు. పేరు చెప్పలేదు. పక్కన కూర్చున్న వాళ్లకి పేరు నేను చెప్పాను. ముందు వరసలో ఇద్దరు ఏడ్చారు. ఆడవాళ్లంతా కలిసి నీకు రూబార్బ్ కాడలతో చేసిన తీపి పైలు పంపుతున్నారు. ఐడెల్లా కారులో తెస్తుంది. డబ్బాలు తిరిగి పంపించు, వాటి అడుగున పేర్లున్నాయి.

మీ బావ సెప్టెంబరులో మీ ఊరి చర్చి పియానో చూడ్డానికి వస్తానంటున్నాడు. ఇప్పుడు తనే కారు నడుపుతున్నాడు. నీ దగ్గర ఒక పూట ఉంటాడు. నీ వంట పెట్టకు, కేఫ్‌కి తీసుకెళ్లు.

ప్రేమతో,
ఆర్డిస్

*

ఎల్క్ ఫోర్డ్,
సెప్టెంబరు 12

అక్కకి,

హల్వర్సన్ పొలం ఎందుకు మాడలేదని అడిగావు. రోడ్డుకి ఆ పక్క నల్లనేల, ఈ పక్క ఇసక. వసంతంలో ఆర్విల్ హల్వర్సన్ కంచె దగ్గర నిలబడి, "ఆ ఇసకలో మొక్కజొన్న వెయ్యకు వెర్లిన్. ఓట్స్ చల్లు, జూలైకల్లా చేతికొస్తాయి" అన్నాడు. నేను వినలేదు. మొక్కజొన్నే వేశాను, అదీ ఒత్తుగా వేశాను. ఇది నీకు తప్ప ఎవరికీ రాయను.

ఎందుకంటే ఊళ్లో వేరే కథ నడుస్తోంది. పైలతో పాటు ఐడెల్లా నోరు కూడా వచ్చింది కదా. మర్నాడు కేఫ్‌లో అడుగుపెడితే ఆర్విల్ అందుకున్నాడు.

"వెర్లిన్, మా అత్తగారికి రెండ్రోజులుగా దగ్గొస్తోంది. ఓ నాలుగెకరాలు కోసిపెట్టవా బాబూ?"

అందరూ నవ్వారు. పంట పోయిందిరా నాయనా, నువ్వు చెప్పినట్టే పోయింది, అందామని నోరు తెరిచాను. తెరిచిన నోట్లో కాఫీ పోసుకుని మూసేశాను. అక్క మాట విని పంట నరుక్కున్న వెర్రివాడనిపించుకోవడం పెద్ద కష్టంగా లేదు. ఇసకలో మొక్కజొన్న వేసిన మొద్దు అనిపించుకోవడమే కష్టం. ఆర్విల్ ఇంకాసేపు వేళాకోళం చేసి, వెళ్లేటప్పుడు నా భుజం తట్టాడు. పక్కపక్క పొలాల్లో ముసలివాళ్లమయ్యాం, ఏనాడూ తట్టలేదు. నీకు నిజం విడమరిచి రాశాను, నమ్మలేదు. వాళ్లకి ఒక్కసారి కూడా చెప్పలేదు, నీ కథని నమ్మేశారు.

బావ వచ్చి వెళ్లాడు. చర్చి పియానో పని మధ్యాహ్నానికి ముగించి, నాతో పొలం దాకా నడిచాడు. తర్వాత నేలమాళిగలో చాలాసేపు కూర్చున్నాడు. అప్పుడు చెప్పాడు, నువ్వు ఆ రోజు దాని గురించి ఎందుకడిగావో. ఆ ఉక్కరోజుల్లో ఆయన్ని తీసుకొచ్చి ఇక్కడ పెడదామనుకున్నావట కదా. నేను పచ్చడి అనుకున్నాను అక్కా. అడగాల్సింది. మొక్కజొన్న మీద అంత పెద్ద వ్యాసం రాశావు, ఈ ఒక్కటి అడగలేకపోయావా. వచ్చే ఏడు జూన్‌లోనే ఇద్దరూ వచ్చెయ్యండి. కింద మంచం వేయిస్తాను.

పైల డబ్బాలు కడిగి పంపించాను. ఒకటి ఆవు తొక్కింది. దాని మీద పేరు శ్రీమతి ఓల్‌మన్.

వెర్లిన్

*

డెమోయిన్,
ఫిబ్రవరి 2

వెర్లిన్,

అంత్యక్రియలకి వచ్చి, ఆ మంచులో పెట్టె మోసి, అన్నీ దగ్గరుండి చూసుకున్నావు. నీకు థాంక్స్ కూడా చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

నువ్వు వెళ్లాక ఇల్లు సర్దుతున్నాను. గాలి ఎంత పొడిగా ఉందంటే తలుపు పిడి ముట్టుకుంటే చురుక్కుమంటోంది. పెదాలు పగిలాయి. ఆయన పోయిన రోజు కూడా ఇంతే. చెమ్మన్నది లేదు. చుట్టూ ఎటు చూసినా పచ్చని ఆకు ఒక్కటి లేదు, అంతా మంచు. న్యుమోనియా అన్నాడు డాక్టరు. వేసవి గట్టెక్కితే చాలనుకున్నాను. గట్టెక్కాడు కూడా. ఆ రెండు నెలలూ మంచం మీద పడుకుని నిద్రపోయాడు, అది నీ వల్లే.

ఎవరి మీద కోప్పడాలో తెలియడం లేదు వెర్లిన్. ఇక ఆపుతాను.

ఆర్డిస్

*

ఎల్క్ ఫోర్డ్,
ఏప్రిల్ 21

అక్కకి,

నీ ఉత్తరానికి ఇన్నాళ్లూ జవాబు రాయలేదు. ఏం రాయాలో తెలియలేదు. ఇప్పుడూ తెలియదు, కానీ పొలం పని అయిపోయింది, కూర్చోక తప్పడం లేదు.

సెప్టెంబరులో బావ పొలంలో ఏమన్నాడో నీకు చెప్పలేదు. చెప్పొద్దని ఆయన అనలేదు. చెప్పమనీ అనలేదు. కోసిన మోళ్ల మధ్య నిలబడి, వంగి ఒకటి పీకి చూశాడు. వేరు నా వేలంత కూడా లేదు.

"మాడిపోయింది కదూ?" అన్నాడు.

"మాడిపోయింది బావా. అక్కకి రాశాను. నమ్మలేదు."

"నమ్మదు" అన్నాడు. కాసేపు ఊపిరి తీసుకుని మళ్లీ అన్నాడు. "డాక్టరు ఎప్పుడో చెప్పాడు వెర్లిన్. ఇది నా సిగరెట్ల పని. ఉక్క వస్తే ఎక్కువవుతుంది, అంతే. మీ అక్కకి ఎవరో ఒకరి మీద కోపం ఉండాలి. నా మీద పెట్టుకుంటే మా ఇల్లు చిన్నది. నీకైతే పొలం ఉంది, తట్టుకుంటావు."

నేను మొక్కజొన్నని ఏదో తిట్టాను, ఆయన్ని ఓదార్చినట్టుంటుందని. దానికి ఒప్పుకోలేదు.

"దాన్నేం అనకు. వేసవిలో చెమ్మకి చెక్క ఉబ్బుతుంది, పియానో శ్రుతి పెరుగుతుంది. చలికాలం ఎండుతుంది, శ్రుతి దిగుతుంది. రెండుసార్లూ జనం నన్నే పిలవాలి. మేం తిన్న తిండంతా మీ పొలాల చెమటే. మీ అక్కకి ఇది చెప్పే ధైర్యం నాకు లేదు."

ఎవరి మీద కోప్పడాలో తెలియడం లేదని రాశావు. నా మీద కోప్పడు. మనిద్దరికీ అలవాటే.

ఈ ఏడు దక్షిణం చెక్కలో ఓట్స్ చల్లాను. ఇసక నేలకి మంచిదని కేఫ్‌లో చెప్పాను. ఆర్విల్ తన మాట విన్నానని పొంగిపోయాడు. అసలు సంగతి అది కాదు. ఓట్స్ జూలైకల్లా పండి ఎండిపోతాయి. ఉక్క ముదిరే వేళకి వాటిలో చెమట పట్టడానికి పచ్చదనం మిగలదు. ఒక్క చెక్కలో ఏం వేస్తే డెమోయిన్‌కి తేడా తెలుస్తుంది, నాకా మాత్రం తెలియదా. అయినా బావ వచ్చి వెళ్లిన వారంలోనే విత్తనాలు తెచ్చి కొట్టంలో పెట్టాను. ఆయన పోయాక తిరిగి ఇచ్చెయ్యొచ్చు, వాళ్లు తీసుకుంటామన్నారు. బస్తాల దగ్గర చాలాసార్లు నిలబడ్డాను. ఇవ్వబుద్ధి కాలేదు.

వెర్లిన్

*

డెమోయిన్,
జూలై 17

ప్రియమైన తమ్ముడికి,

ఏప్రిల్ ఉత్తరానికి జూలైలో జవాబు. నీకు తగ్గ అక్కనే.

సిగరెట్ల సంగతి నాకు తెలుసు. ఆయన కోటు జేబులు దులిపి ఉతికింది నేనే కదా. మానేశానని ఆయన చెప్పేవాడు, నమ్మినట్టు నేను ఉండేదాన్ని. ఆ కోపం బయటికి తీస్తే ఆయన ఆఖరి వేసవంతా దానికే సరిపోయేది. అందుకని నీ మొక్కజొన్నని పట్టుకున్నాను. అది కాస్త దూరంలో ఉంది, ఎదురు మాట్లాడదనుకున్నాను. నువ్వు మాట్లాడతావని ఊహించలేదు.

పోయినేడు నువ్వు నాకోసం కొయ్యలేదని ఒప్పుకుంటున్నాను. చర్చిలో మాత్రం చెప్పను. పాస్టర్ లిండ్‌క్విస్ట్ ఆ ప్రసంగం ఇంకో రెండు ఊళ్లలో కూడా చేసి వచ్చాడు. ఈసారి అందులో నువ్వు పొలం మొత్తం కోశావు, బావ పూర్తిగా కోలుకున్నాడు.

ఇక్కడ మళ్లీ ఉక్క మొదలైంది. ఉప్పు గడ్డకట్టింది. ఇంట్లో పియానో శ్రుతి పెరిగి పిల్లి అరుపులా ఉంటే, ఫీబీని పిలిచాను. మీ బావ దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి. ఆయన వాడిన శ్రుతి తాళంచెవితోనే తీగల మేకులు వదులు చేస్తూ, "ఈ ఏడు చెమ్మ మరీ ఎక్కువగా ఉందండీ" అంది.

"మా తమ్ముడి మొక్కజొన్న, ఏం చేస్తాం" అన్నాను. కాస్త గొప్పగానే అన్నాను.

తను వెళ్లిపోయాక గుర్తొచ్చింది, ఆ చెక్కలో నువ్వు ఓట్స్ చల్లావని. అంటే క్లెమెంట్ పియానోని ఈ ఏడు ఉబ్బించింది ఆర్విల్ హల్వర్సన్ మొక్కజొన్నా? పొద్దుటి నుంచి ఆ మాట మింగుడు పడటం లేదు. మన పొలం నుంచి ఒక్క చుక్కైనా రాలేదే అని ఎంత చిన్నబుచ్చుకున్నానో చెబితే నవ్వుతావు.

ఓట్స్ కోత అయ్యాక వచ్చే ఏడు అక్కడ మొక్కజొన్నే వెయ్యి. ఇసకలో నిలవదంటావు. నిలిచినంతే నిలవనీ. పలచగా వెయ్యి.

ఆగస్టు మొదటి వారంలో వస్తున్నాను. ఐడెల్లా దింపుతుంది. నేలమాళిగలో మంచం నాకొద్దు. పైన, పొలం వైపు గదిలో వెయ్యి. కిటికీ మూయొద్దు.

ఆర్డిస్